నాన్నగారి మారుతీ 800కి ఇంట్లోనే పెయింట్ కొడదామనుకుంటున్నా, సొంతంగా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారిగట్టు_800:

అందరికీ నమస్కారమండి. ఎప్పట్నుంచో చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాన్నగారి మారుతీ 800 ఉంది, 2007 మోడల్, తెలుపు. 2022లో పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ ఇంకో ఐదేళ్లకి రెన్యువల్ కూడా చేయించాం. ఇంజన్ మాత్రం బంగారమండి, పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కి స్టార్ట్ అవుద్ది. బాధంతా బాడీతోనే. సముద్రం గాలి కదా, డ్రైవర్ వైపు డోర్ కింద అంచు వేలితో నొక్కితే బిస్కెట్‌లాగా విరుగుతుంది, డిక్కీ మీద పెచ్చులు లేచిపోయాయి, బానెట్ అయితే చేత్తో రాస్తే సున్నం వేసిన గోడలాగా అరచేతికి తెల్లగా అంటుకుంటుంది.

భీమవరంలో ఒక షాపులో అడిగితే 42 వేలన్నారు. ఇంకో ఆయన 28 వేలకి చేసేస్తా అన్నాడు గానీ రెండేళ్ల క్రితం ఎడమ మడ్‌గార్డు టచప్ చేసింది ఆయనే, ఎనిమిది నెలలకే అందులోంచి పొక్కులొచ్చాయి, గీకి చూస్తే లోపల తుప్పు తుప్పులాగే ఉంది, పైన లప్పం పెట్టి కొట్టేశాడంతే. ఆ కోపంతోనే అనుకోండి నేనే చేద్దామనిపించింది.

మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉంది, ఇదివరకు రొయ్యల మేత బస్తాలు వేసేవాళ్లం, ఇప్పుడు ఖాళీ. ఫ్రెండ్‌కి పంక్చర్ షాపుంది, వాడి దగ్గర 1 హెచ్‌పీ కంప్రెసర్ ఉంది. స్ప్రే గన్ కొనుక్కుంటా. సంక్రాంతికి అక్కా బావగారూ వస్తారు, అప్పటికి అయిపోవాలని ఆశ.

నా ప్లాన్ ఏంటంటే మొత్తం ఆర్మీ గ్రీన్ మ్యాట్ కొట్టించి అంటే కొట్టి, టాప్ నల్లగా, 13 అంగుళాల అలాయ్‌లు, అద్దాలకి నల్ల ఫిల్మ్. మెటీరియల్ ఎంతవుద్ది, ఏ పెయింట్ తీసుకోవాలి, ఎన్నిరోజులు పడుద్ది, తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. వీడియోలు చాలా చూశాను, వాళ్లు కొడుతుంటే చాలా ఈజీగా ఉంది.


చట్నీ_ఎక్స్‌ట్రా:

బ్రో ఆ 42 వేలకి ఇంకో 800 వచ్చేస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని బాగున్న పార్టులు ఒకదానికి వేసుకో 😂 సరదాకి అన్నాలే. వీడియోల్లో పదిహేను రోజుల పనిని పన్నెండు నిమిషాలు చేసి చూపిస్తారు, అది గుర్తుపెట్టుకో.


ఆటోనగర్_బుజ్జి:

పై ఆయన జోక్ చేసినా నిజమే చెప్పాడు. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు పెయింటరు. పదో తరగతి సెలవుల్లో నా చేతిలో ఉప్పుకాగితం పెట్టారు, డిగ్రీ అయ్యేదాకా దించలేదు. ఇప్పుడు నాది వేరే ఉద్యోగం గానీ చేతికి ఆ పని మాత్రం పోలేదు. కాస్త పెద్దగా రాస్తా, ఓపిగ్గా చదువు.

ముందు ఒక మాట. పెయింట్ కొట్టడం అంటే గన్ పట్టుకోవడం అనుకుంటారు అందరూ. గన్ పట్టుకునేది మొత్తం పనిలో ఒక్క పూట. మిగతా పన్నెండు పద్నాలుగు రోజులు రుద్దుడే. మా నాన్న కొత్త కుర్రాడొస్తే నెలరోజులు గన్ తాకనిచ్చేవారు కాదు.

తుప్పు దగ్గర మొదలెట్టు. డోర్ కింద బిస్కెట్‌లాగా విరుగుతోందన్నావే, దానికి లప్పం పనికిరాదు, పుట్టీతో కన్నం పూడిస్తే రెండు వానాకాలాలు ఆగదు, నీ మడ్‌గార్డుకి జరిగిందదే. అక్కడ రేకు కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి, అది టింకరింగ్ వాళ్ల పని, డోరు విప్పి తీసుకెళ్లి చేయించుకో, నువ్వు చెయ్యకు. డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న చిన్న కన్నాలుంటాయి, మట్టితో మూసుకుపోయుంటాయి, నీళ్లు లోపలే నిలబడి అందుకే అక్కడ ముందు కుళ్లుతుంది. పుల్లతో పొడిచి క్లీన్ చెయ్యి, పెయింట్ అయ్యాక కూడా ఏటా చేస్తుండు. పైపైన తుప్పుంటే వైర్ బ్రష్‌తో మెరిసే రేకు కనపడేదాకా గీకి, రస్ట్ కన్వర్టర్ రాసి, డబ్బా మీద చెప్పిన టైము ఆగి ఎపాక్సీ ప్రైమర్ కొట్టు. గీకిన రేకుని రాత్రంతా అలా వదిలేయొద్దు. మీ ఊళ్లో పొద్దున్నకి మళ్లీ ఎర్రగా తిరుగుద్ది.

రెండోది, నీ షెడ్డు. రొయ్యల మేతలో చేపనూనె ఉంటుంది తమ్ముడూ. ఆ జిడ్డు నేల మీద, గోడల మీద, రేకుల మీద ఉండే ఉంటుంది. నూనె తగిలినచోట పెయింట్ నిలవదు, గుండ్రంగా విడిపోయి చేపకన్ను లాగా గుంటలు పడతాయి, దాన్నే ఫిష్ ఐ అంటారు, నీ కేసులో పేరుకి తగ్గట్టే అవుద్ది. షెడ్డంతా సబ్బునీళ్లతో కడుగు, రెండుసార్లు. ఇంకోటి, తలకి కొబ్బరినూనె రాసుకుని కారు దగ్గరికి రావద్దు, ఎవర్నీ రానివ్వద్దు. డ్యాష్‌బోర్డుకి కొట్టే పాలిష్ స్ప్రే షెడ్డు దరిదాపుల్లో ఉండకూడదు, అందులో సిలికాన్ ఉంటుంది. మా నాన్న ఒకసారి అంబాసిడర్ మొత్తం మళ్లీ రుద్దాల్సొచ్చింది, కారణం ఏంటంటే పక్క షెడ్డులో ఎవడో టైర్లకి పాలిష్ కొట్టాడు.

కారు ముందు గిన్నెలు తోమే లిక్విడ్‌తో కడుగు, ఆరాక వ్యాక్స్ రిమూవర్‌తో తుడువు, ఆ తర్వాతే ఉప్పుకాగితం. చాలామంది రుద్దాక తుడుస్తారు, అప్పటికే జిడ్డంతా గీతల్లోకి దిగిపోయుంటుంది. హ్యాండిల్స్, బీడింగ్ రబ్బర్లు, లైట్లు, బంపర్లు, వైపర్లు అన్నీ విప్పేయ్. టేపు వేసి కొడితే అంచుల్లో ఆర్నెల్లకి లేస్తుంది. విప్పిన స్క్రూలు పాత గుడ్డలో కట్టి ఏది దేనిదో రాసిపెట్టుకో.

లప్పం సంగతి. పాలిస్టర్ పుట్టీ తీసుకో. నిమ్మకాయంత లప్పానికి బఠాణీ గింజంత హార్డెనర్, అంతకుమించి వేస్తే తర్వాత పైకి మరకలాగా కనపడుద్ది. నాలుగైదు నిమిషాల్లో గట్టిపడిపోద్ది, అందుకని కొంచెం కొంచెం కలుపు. పల్చగా రెండు మూడుసార్లు పెట్టు, ఒకేసారి మందంగా పెట్టకు. దాన్ని పొడిగానే రుద్దాలి, నీళ్లు తగలనివ్వద్దు, పుట్టీ నీళ్లు పీల్చుకుంటుంది, లోపల రేకు తుప్పు పడుతుంది, ఆ నీళ్లు ఎండలో ఆవిరై పైకి తన్ని పొక్కులవుతాయి. మన దగ్గర చాలా షాపుల్లో నీళ్లు పోసే రుద్దేస్తారు, దుమ్ము లేవదని. 80 నంబర్ ఉప్పుకాగితంతో షేపు తెచ్చుకుని, 180, తర్వాత 320. చేత్తో పట్టుకుని రుద్దితే వేళ్ల గుంటలు పడతాయి. చెక్కముక్కకి చుట్టుకో, వంపులున్నచోట హవాయి చెప్పు ముక్క కోసుకో, దాన్ని మించిన బ్లాక్ ఏ కంపెనీ చెయ్యలేదు.

లెవెల్ వచ్చిందా లేదా కంటికి తెలీదు. పల్చటి కాటన్ గుడ్డ మీద అరచెయ్యి పెట్టి డోరు పొడుగునా మెల్లగా జరుపు, కళ్లు మూసుకుని. ఎక్కడ చెయ్యి కాస్త దిగిందో అక్కడ ఇంకా పని ఉంది. నాన్న ఎప్పుడూ అలాగే చూసేవారు.

ప్రైమర్ 2కె సర్ఫేసర్, 2కె అంటే హార్డెనర్ కలిపి కొట్టే రకం, రెండు హ్యాండ్లు అంటే రెండు పూతలు కొట్టాక, నల్ల స్ప్రే డబ్బాతో దూరం నుంచి పొగలాగా చల్లు, చుక్కలు చుక్కలుగా. ఆరాక 600 వాటర్ పేపర్‌తో రుద్దు, ఇక్కడ నీళ్లు వాడొచ్చు. నల్లచుక్క ఎక్కడ మిగిలిందో అక్కడ గుంట ఉన్నట్టు, మొత్తం పోయిందంటే సాపుగా ఉన్నట్టు. రేకు కనపడిపోతే మాత్రం ఆపేసి మళ్లీ ప్రైమర్. చివర్లో 800.

కలర్‌కి వస్తే మొదటిసారి చేసేవాడివి సాలిడ్ కలర్ తీసుకో, మెటాలిక్ జోలికి పోకు, మెటాలిక్‌లో చెయ్యి స్పీడు కొంచెం తేడా వచ్చినా మబ్బులు మబ్బులుగా కనపడుద్ది. మ్యాట్ ఇంకా కష్టం, చిన్న దుమ్ము పడినా రుద్ది పాలిష్ చేసే ఛాన్స్ లేదు, పాలిష్ చేస్తే అక్కడ మెరుస్తుంది, ప్యానెల్ మొత్తం మళ్లీ కొట్టాల్సిందే.

1 హెచ్‌పీ కంప్రెసర్ టైర్లకి సరిపోద్ది గానీ దీనికి చాలదు, ఒక డోరు సగం కొట్టేసరికి గాలి పడిపోయి పెయింట్ ఉమ్మినట్టు చుక్కలు పడుద్ది. కనీసం 2 హెచ్‌పీ, 50 లీటర్ల ట్యాంకు, అద్దెకి దొరుకుతుంది. ట్యాంకు అడుగున నట్టు విప్పి రోజూ నీళ్లు వదిలెయ్, గన్‌కి ముందు నీళ్లు పట్టే ఫిల్టర్ పెట్టు. కలర్‌కి 1.3 లేదా 1.4 ఎంఎం నాజిల్, ప్రైమర్‌కి 1.7 అయితే బెటర్. గన్ దూరం జానెడు ఉండాలి, మరీ దగ్గరికి పోవద్దు. చెయ్యి మణికట్టు దగ్గర తిప్పకూడదు, మనిషే నడవాలి. ఒక్కో చార ముందు చారని సగం కప్పాలి. హ్యాండుకీ హ్యాండుకీ మధ్య పది పదిహేను నిమిషాలు. బయట వరకే అయితే కలిపిన పెయింట్ రెండు రెండున్నర లీటర్లు అవుద్ది. కలిపే కొలత మాత్రం నన్నడక్కు, డబ్బా మీద ఏముంటే అదే.


గోదారిగట్టు_800:

బాబోయ్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థ్యాంక్యూ థ్యాంక్యూ. చేపనూనె సంగతి అసలు తట్టలేదు, ఇందాకే వెళ్లి గోడ మీద వేలు పెట్టి చూశాను, జిడ్డే. రెండు డౌట్లు. ఒకటి, ఇంట్లో గేటుకి కొట్టిన రెడ్ ఆక్సైడ్ సగం డబ్బా ఉంది, రేకు మీద అది కొట్టేసి పైన 2కె కొట్టొచ్చా? రెండు, మాస్క్ అంటే కరోనా టైంలో కొన్న ఎన్95లు డబ్బాడు ఉన్నాయి, సరిపోతాయి కదా?


కరీంనగర్_శాంత్రో:

అన్నా ఆ రెడ్ ఆక్సైడ్ ముచ్చట నాకు బాగ ఎరుక, నేను అదే తప్పు జేసిన. మా శాంత్రోకు మూడేండ్ల కింద ఇంట్లనే కొట్టిన. రేకు మీద రెడ్ ఆక్సైడ్ రాసిన, మంచిగ ఆరింది, మీద 2కె పైంట్ ఒక హ్యాండ్ కొట్టంగనే ఏం గాలే, రెండో హ్యాండ్ కొట్టినంక సూస్తుండంగనే పాల మీద మీగడ ముడుచుకున్నట్టు మొత్తం ముడతలు లేశింది. బానెట్ మొత్తం. టిన్నర్ కిందికి దిగి ఆ ఆయిల్ పైంట్‌ను లేపిందట. నాలుగు దినాలు గీకిన మళ్ల. గేటు పైంట్ గేటుకే ఉంచు.

ఇంకో ముచ్చట, నేను జులైల కొట్టిన. అది ఇంక పెద్ద తప్పు. పొద్దుమాపు వాన పడి ఎలిసింది, మంచిగ చల్లగున్నది గదా అని లైట్లు ఏసుకొని కొట్టిన, క్లియర్ కోట్, అంటే రంగు మీద కొట్టే మెరుపు పూత, ఇంక తడిగనే ఉన్నది, ఉసిళ్లు లేశినయ్. వందలు. లైటు కాడికొచ్చుడు, టాప్ మీద పడుడు, రెక్కలు అతుక్కపోవుడు. మా తమ్ముడు చెయ్యి పెట్టి తీస్తుంటే ఇంక గీతలు పడ్డయ్. ఎవ్వలన్న చెప్తే బాగుండు, పురుగు పడితే తియ్యొద్దు, ఆరనియ్యాలె, తెల్లారి 1500తోని రుద్దితే రెక్క పోతది, మచ్చ గుడ కనవడది. ఇప్పటికీ టాప్ మీద దగ్గరికి పోయి సూస్తే ఒక రెక్క కనవడ్తది, మా బిడ్డ దాన్ని స్టిక్కర్ అనుకుంటది.

నాకైన ఖర్చు చెప్తున్న, మెటీరియల్ 11 వేలు, కంప్రెసర్ కిరాయి 1,500, మళ్ల గీకి మళ్ల కొట్టినందుకు ఇంకో 4 వేలు. అయితే చేసిన సంబురం వేరే ఉంటది అన్నా, అది మాత్రం అబద్ధం గాదు.


సీటుకవర్_సింహం:

పెయింట్ సంగతి పెద్దవాళ్లు చెప్పారు, నేను కలర్ గురించి చెప్తాను ఎందుకంటే ఎవరూ దాని జోలికి పోలేదు. ఆర్మీ గ్రీన్ మర్చిపోండి. అది ఇష్టాయిష్టాల సమస్య కాదు, సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ 1989లో 121వ రూల్, రక్షణశాఖ బండ్లకి తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వెయ్యకూడదు. మ్యాట్ అయినా మెరిసేదైనా ఒకటే. సినిమాల్లో చూసి జీపులకి కొట్టించుకుని రోడ్డు మీద ఆపినప్పుడు ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

వేరే ఏ రంగైనా సరే, ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది కదా, మార్చాలనుకుంటే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, మార్చాక ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, ఇన్సూరెన్స్ వాళ్లకి కూడా చెప్పాలి. మీ ఆర్‌సీ మళ్లీ 2027లో రెన్యువల్‌కి వెళ్తుంది, అప్పుడు బండిని తీసుకెళ్లి చూపించాలి, ఆర్‌సీలో తెలుపు, ఎదురుగా వేరే రంగు ఉంటే అక్కడ మొదలవుద్ది తిరుగుడు. ఉన్న రంగే మళ్లీ కొట్టుకుంటే ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు.

నల్ల ఫిల్మ్ కూడా వద్దు. 2012లో సుప్రీంకోర్టు చెప్పిన దగ్గర్నుంచి పోలీసులు రోడ్డు మీదే పీకేస్తున్నారు. రూల్ ప్రకారం ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు దాటాలి.

అలాయ్‌ల గురించి, 800కి కంపెనీ ఇచ్చేది 145/70 ఆర్12. 13 అంగుళాలు వేస్తే నలుగురు ఎక్కి స్టీరింగ్ మొత్తం తిప్పినప్పుడు మడ్‌గార్డుకి రాసుకునే ఛాన్స్ ఉంది, పైగా 37 హార్స్‌పవర్ ఇంజన్, బరువు చక్రాలు వేస్తే పాపం దానికి ఆయాసం. ఉన్న ఇనప రిమ్ములే విప్పి తుప్పు గీకి సిల్వర్ కొట్టండి, పెద్ద పనికి ముందు ప్రాక్టీసు కూడా అవుద్ది.


ఫ్రిస్కో_గోంగూర:

టెక్సాస్ నుంచి. ఇక్కడ ఎండకి క్లియర్ కోట్ పాము కుబుసం విడిచినట్టు ఊడిపోతుంది, మా పాత సివిక్ కారు టాప్ అలాగే అయింది. షాపువాళ్లు చెప్పిన రేటు విని నేనే గ్యారేజ్‌లో చేశాను, టాప్ ఒక్కటే. గన్ కూడా కాదు, 2కె స్ప్రే క్యాన్లు దొరుకుతాయి, అడుగున బటన్ నొక్కితే లోపల హార్డెనర్ కలుస్తుంది, నొక్కాక ఒకటి రెండు రోజుల్లో లోపలే గట్టిపడిపోతుంది కాబట్టి అన్నీ రెడీ అయ్యాకే నొక్కాలి. నేను ఉత్సాహంలో నొక్కేసి తర్వాత మాస్కింగ్ టేపు కొనడానికి వెళ్లాను, అది వేరే కథ.

ఎన్95 గురించి అడిగారు కదా, అదే రాద్దామని లాగిన్ అయ్యాను. సరిపోదండి, అస్సలు సరిపోదు. ఎన్95 దుమ్ముని ఆపుతుంది, రుద్దేటప్పుడు తప్పకుండా పెట్టుకోండి. కానీ 2కె హార్డెనర్‌లో ఐసోసయనేట్ ఉంటుంది, అది ఆవిరిగా కూడా లోపలికి వెళ్తుంది, చర్మం మీద పడినా ప్రమాదమే. ఒకసారి ఒంటికి పడలేదంటే ఆ తర్వాత కొంచెం తగిలినా ఉబ్బసం వచ్చేస్తుంది. దానికి వాసన కూడా సరిగ్గా తెలీదు, అంటే మాస్క్ పనిచెయ్యడం మానేసినా మీకు తెలీదు. పెద్ద షాపుల్లో బయటి నుంచి పైపుతో మంచిగాలి వచ్చే హుడ్ పెట్టుకుంటారు, అసలైన పద్ధతి అదే. అది కుదరకపోతే కనీసం ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు, అంటే రసాయనాల ఆవిరిని పట్టే ఫిల్టర్లున్న రబ్బరు మాస్క్, కొత్త కార్ట్రిడ్జ్‌లు, గడ్డం గీసుకుని పెట్టుకోవాలి, గడ్డముంటే అంచుల్లోంచి గాలి దూరుతుంది. కళ్లద్దాలు, గ్లౌజులు, ఫుల్ చేతులు. షెడ్డు రెండు వైపులా తెరిచి ఉండాలి. థిన్నర్ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది, దగ్గర్లో పొయ్యి గానీ దీపం గానీ ఉంటే అంతే సంగతులు.


ఆటోనగర్_బుజ్జి:

ఫ్రిస్కో గారు చెప్పింది నేను మొదట్లోనే రాయాల్సింది, రాయలేదు. ఎందుకంటే మా షెడ్డులో ఎవరూ పెట్టుకునేవాళ్లు కాదు. నాన్న మొహానికి తడి కర్చీఫ్ కట్టుకునేవారు, సాయంత్రం ముక్కు చీదితే ఆ రోజు కారు ఏ రంగో తెలిసేది, మేం నవ్వుకునేవాళ్లం. యాభై రెండేళ్లకి దగ్గు మొదలైంది. సిగరెట్ అలవాటు లేదు ఆయనకి. హార్డెనర్ డబ్బా మూత తీస్తే చాలు ఆయాసం వచ్చేది, పక్క షెడ్డులో కొడుతున్నా వచ్చేది. డాక్టరు ఆ పని మానేయమన్నారు, మానేశారు. ఇప్పుడు ఇంట్లోనే ఉంటారు, ఇన్‌హేలర్ జేబులో. నీ కారు గురించి చెప్తే అడిగారు, ఆ అబ్బాయి మూతికి ఏం కట్టుకుంటాడట అని.

మాస్క్‌కి రెండు మూడు వేలవుద్ది, కొనలేనంటే 2కె మానెయ్. ఎన్‌సీ పెయింట్ అంటే పాతకాలం డ్యూకో ఉంది, దానికి హార్డెనర్ అక్కర్లేదు, మెరుపు తక్కువ, ఎక్కువకాలం ఆగదు, తేమలో కొడితే తెల్లగా పాలిపోద్ది, థిన్నర్ ఘాటూ మంటల భయమూ దానికీ ఉంటాయి, కానీ ఐసోసయనేట్ ఉండదు. లేదంటే రుద్దుడు పనంతా నువ్వు చేసుకుని కలర్ ఒక్కటి బూత్, అంటే దుమ్ము రాని పెయింట్ గది ఉన్న షాపులో కొట్టించుకో, చాలామంది ఒప్పుకుంటారు, 42 వేలు కాస్తా బాగా తగ్గుద్ది.

ఏదైనా గానీ ముందు డిక్కీ ఒక్కటి చెయ్యి. మొదలు నుంచి చివరిదాకా, రుద్దుడు, ప్రైమర్, కలర్, అన్నీ. అది నచ్చితే మిగతా కారు ముట్టుకో. రంగు కలిపించేటప్పుడు షాపులో మారుతీ వైట్ అని చెప్పి ఊరుకోకు, నీది సుపీరియర్ వైట్ అయితే దాని కోడ్ 26యూ, అయినా సరే పెట్రోల్ మూత విప్పి తీసుకెళ్లి పాలిష్ చేసి దానికి మ్యాచ్ చేయించు, పదిహేడేళ్ల తెలుపు కొత్తలో ఉన్న తెలుపు కాదు.


చట్నీ_ఎక్స్‌ట్రా:

నేను జోక్ వేసి వెళ్లిపోయాను, తీరా చూస్తే ఇక్కడ క్లాసు జరుగుతోంది. బుజ్జి అన్నా నాన్నగారికి నమస్కారాలు చెప్పు.


గోదారిగట్టు_800:

అందరికీ నమస్కారం, పది వారాలకి మళ్లీ వచ్చాను, సంక్రాంతి కూడా వెళ్లిపోయింది. ఏం జరిగిందో చెప్తా.

గ్రీన్ ఆలోచన మానేశాను. రూలు ఒకటి, రెండోది నాన్నకి చెప్తే పేపర్లోంచి తల ఎత్తకుండా "తెల్లకారు మాస్టారు అంటేనే ఊళ్లో నన్ను గుర్తుపడతారురా" అన్నారు. ఇంక మాట్లాడలేదు.

డోరు, రెండు మడ్‌గార్డులు విప్పి టింకరింగ్‌కి ఇచ్చాను, కుళ్లిన రేకు కోసి కొత్తది అతికారు, 4,500. షెడ్డు మూడుసార్లు కడిగాం, మూడోసారి కూడా నీళ్ల మీద రంగులు తేలుతున్నాయి, చివరికి నేలంతా ప్లాస్టిక్ పరదా పరిచి దాని మీద కారు పెట్టాను. రుద్దడం పంతొమ్మిది రోజులు పట్టిందండి. పంతొమ్మిది. రోజూ కాలేజీ నుంచి వచ్చాక రెండు గంటలు, ఆదివారాలు రోజంతా. వేలిముద్రలు అరిగిపోయి ఫోన్ లాక్ తీయడం మానేసింది. బుజ్జి అన్న చెప్పిన గుడ్డ మీద చెయ్యి పెట్టి చూడటం నాన్నకి నేర్పాను, ఆయన రోజూ సాయంత్రం వచ్చి కళ్లు మూసుకుని డోరు తడిమి "ఇక్కడ ఇంకా ఉంది" అని వెళ్లిపోయేవారు. ప్రతిసారీ కరెక్టే.

డిక్కీ ముందు చేశాను. మొదటిసారి కారింది, కన్నీళ్లలాగా మూడు చారలు. దగ్గరగా మెల్లగా కొట్టినందుకు. ఆరాక రుద్ది మళ్లీ కొట్టా, ఈసారి గరుకు గరుకుగా నారింజ తొక్కలాగా వచ్చింది. మూడోసారికి వచ్చింది, అమ్మ దాంట్లో బొట్టు దిద్దుకుంది.

మాస్క్ కొన్నాను, 2,800, గడ్డం తీసేశాను, ఇంట్లో అందరూ నవ్వారు. కొట్టిన రోజు పొద్దున్న మంచు విడిచాక తొమ్మిదింటికి మొదలెట్టి పదకొండున్నరకి ఆపాను. అన్నీ చూసుకున్నాను గానీ ఒకటి మర్చిపోయాను, మాకు అప్పుడే మాసూళ్లు. కోతలు అయిపోయి ఎవరో రెండు చేల అవతల గడ్డి తగలబెట్టారు. చివరి హ్యాండ్ టాప్ మీద కొట్టి మాస్క్ తీసి చూద్దును కదా, గాలిలో నల్లటి నుసి మెల్లగా దిగుతోంది. కరీంనగర్ అన్న మాట గుర్తొచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, ముట్టుకోలేదు. మూడు రోజులు ఆగి 1500, 2000 కాగితాలతో రుద్ది, తర్వాత కాంపౌండ్‌తో పాలిష్ పెట్టాను. ఒకటి రెండు చుక్కలు తప్ప పోయాయి.

మొత్తం ఖర్చు టింకరింగ్ కాకుండా 14,200, మాస్క్ అందులోనే. రిమ్ములకి సిల్వర్ కొట్టాను, సీట్ కవర్లు కొత్తవి, ఫిల్మ్ లేదు, అలాయ్‌లు లేవు.

ఒక్క సమస్య మిగిలింది. కుడివైపు వెనక డోరు మిగతా కారుకంటే ఇసుమంత పసుపుగా ఉంది. నీడలో తెలీదు, ఎండలో తెలుస్తుంది. పెయింట్ అయిపోతే మళ్లీ వెళ్లి అర లీటరు కలిపించాను, అదే కోడ్, అదే షాపు. ఎందుకిలా, ఏం చెయ్యాలి?


ఆటోనగర్_బుజ్జి:

శభాష్. పంతొమ్మిది రోజులు రుద్దావంటే నాన్నకి చూపించాను నీ పోస్ట్.

రెండుసార్లు కలిపిస్తే ఎప్పుడూ ఒకటే రాదు తమ్ముడూ, ఒక్క చుక్క పసుపు ఎక్కువైనా తెలుపులో బయటపడుద్ది. మొదట్లోనే ఎక్కువ తెచ్చి డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో కలిపేసుకోవాలి, రెండోసారి తెచ్చుకోవాల్సి వస్తే పాతది కొంచెం మిగిలుండగానే తెచ్చి అందులో కలపాలి. నాది తప్పు, రెండున్నర లీటర్లని రాశాను, మూడని రాయాల్సింది. ఇప్పుడు మిగిలిన పెయింట్‌తో మళ్లీ కొట్టినా ఆ పసుపే వస్తుంది. కొన్ని నెలలు ఎండ తగలనివ్వు, అప్పటికీ కనపడుతుంటే ఆ డోరే షాపుకి తీసుకెళ్లి పక్క ప్యానెల్‌కి మ్యాచ్ చేయించి అదొక్కటీ కొట్టు. నెలరోజులదాకా మాత్రం వ్యాక్స్ పాలిష్‌లేవీ పెట్టకు.

నాన్నగారు చూశారా ఆ డోరు?


గోదారిగట్టు_800:

ఇంకా లేదన్నా. కుడివైపు గోడకి ఆనించి పార్క్ చేస్తున్నా.


కరీంనగర్_శాంత్రో:

చేత్తోని తడిమితే రంగు దొరకది, భయపడకు 😄